పరీక్షలప్పుడు గాయం ఎందుకు త్వరగా మానదు?

ఇంటర్ పరీక్షల ముందు సైకిల్ మీంచి పడి మోకాలు దోక్కుపోయిన మనవడి గురించి ఒక పెద్దాయన రాశారు. సెలవుల్లో తగిలిన ఇలాంటి దెబ్బ వారంలో మానిందట, ఇదింకా పచ్చిగానే ఉందట. ఇంట్లోవాళ్ళు ఉప్పూ మిరపకాయలతో దిష్టి తీశారు. "టెన్షన్ వల్ల ఇలా అవుతుందా?" అని ఆయన ప్రశ్న.

అవుతుంది. పాపం ఎవరి కంటినో అనుమానించక్కర్లేదు. మూత్రపిండాల మీద టోపీల్లా ఉండే అడ్రినల్ గ్రంథుల్ని అనుమానించాలి.

1998లో ప్రచురితమైన ఒక ప్రయోగంలో, అమెరికాలోని ఒహాయో స్టేట్ యూనివర్సిటీ దంతవైద్య విద్యార్థులు 11 మందికి అంగిట్లో 3.5 మిల్లీమీటర్ల గాయం చేశారు. ఒకటి వేసవి సెలవుల్లో, మరొకటి పరీక్షకు 3 రోజుల ముందు. రెండోది మానడానికి సగటున 3 రోజులు, అంటే 40 శాతం, ఎక్కువ పట్టింది. సెలవుల్లో మానినంత త్వరగా ఒక్కరికీ మానలేదు!

చెరువు కట్టకు గండి పడితే ముందు చూసినవాడు కేక వేయాలి. ఆ కేక వింటేనే ఊరు పారలతో తట్టలతో పరుగెత్తుకొస్తుంది. చర్మం తెగినప్పుడు అక్కడి కణాలు వేసే కేకల్లో ముఖ్యమైనది ఇంటర్‌ల్యూకిన్-1. ఇదో ప్రోటీన్. అది విని న్యూట్రోఫిల్స్, మాక్రోఫేజ్‌లు అనే రక్షక కణాలు వచ్చి క్రిముల్నీ చచ్చిన కణాల్నీ ఎత్తిపోస్తాయి. కొత్త మట్టి పడేది ఆ తర్వాతే. గాయం చుట్టూ ఎరుపు, వాపు ఈ జనం చేరిన సందడే.

టెన్షన్ గురించి మన పాఠాలు అడ్రినలిన్, గుండె దడ దగ్గరే ఆగిపోతాయి. అసలు కథ కార్టిసాల్ అనే హార్మోన్‌ది. టెన్షన్ పడ్డప్పుడు మెదడులోని హైపోథలామస్ సీఆర్‌హెచ్ అనే హార్మోన్ వదిలితే, దాని కిందున్న పిట్యూటరీ గ్రంథి ఏసీటీహెచ్ అనే మరో హార్మోన్ వదులుతుంది, దాంతో అడ్రినల్ గ్రంథి కొలెస్టరాల్ నుంచి కార్టిసాల్ చేస్తుంది. కొవ్వులో కరిగేది కనుక అది కణపొరను సులువుగా దాటి, హెచ్‌ఎస్‌పీ90 ప్రోటీన్ పట్టుకుని ఉన్న గ్రాహకానికి (హార్మోన్‌ను అందుకునే ప్రోటీన్‌కి) అంటుకుని, కేంద్రకంలోకి వెళ్ళి ఎన్‌ఎఫ్-కప్పాబీని అడ్డుకుంటుంది. ఇంటర్‌ల్యూకిన్-1 జన్యువును పనిచేయించే ప్రోటీన్లలో ఎన్‌ఎఫ్-కప్పాబీ ముఖ్యమైనది. గండి పడింది, చూసినవాడు ఉన్నాడు, గొంతే పెగలడం లేదు. ఆ విద్యార్థుల్లో ఇంటర్‌ల్యూకిన్-1 బీటా ఎంఆర్‌ఎన్‌ఏ (ఆ ప్రోటీన్ తయారీకి జన్యువు నుంచి వచ్చే నకలు) ఉత్పత్తి పరీక్షలప్పుడు 68 శాతం తగ్గింది. ఉబ్బసానికి వాడే ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ మందు కూడా ఇదే గొంతు నొక్కుతుంది. అందుకే దాన్ని చాలాకాలం వాడేవాళ్ళ గాయాలు నెమ్మదిగా మానతాయి.

అదే యూనివర్సిటీవారు 1995లో, మతిమరుపు జబ్బు వచ్చిన బంధువుల్ని ఏళ్ళ తరబడి చూసుకుంటున్న 13 మంది స్త్రీలను పరీక్షించారు. వాళ్ళ చేతి గాయం మానడానికి ఇతరులకన్నా సగటున 9 రోజులు ఎక్కువ పట్టింది.

అయ్యా, కేక ఆలస్యమైతే క్రిములకు వ్యవధి దొరుకుతుంది. కాబట్టి మీ మనవడి గాయాన్ని శుభ్రంగా కడిగి కట్టు మారుస్తూ ఉండండి. చీము పడితే, చుట్టూ ఎరుపు పాకితే వెంటనే డాక్టరుకు చూపించండి.