ట్రెమ్2 మార్పు ఉంటే అల్జీమర్స్ ఖాయమా? అపోహలు - వాస్తవాలు

మెదడులోని రక్షక కణాలైన మైక్రోగ్లియా మీద ఉండే ట్రెమ్2 రిసెప్టర్ (బయటి కబుర్లు అందుకునే ప్రోటీన్) మీద పరిశోధన చేస్తుంటాను. జీన్ టెస్టులు అందుబాటులోకి వచ్చాక తెలిసినవాళ్లు రిపోర్టులు వాట్సాప్‌లో పంపుతున్నారు, అందరిదీ ఒకటే టెన్షన్.

అపోహ: ట్రెమ్2 జీన్‌లో ఆర్47హెచ్ అనే మార్పు ఉంటే అల్జీమర్స్ వచ్చి తీరుతుంది.

వాస్తవం: రాదు, అంటే రావాలని లేదు. 2013లో రెండు బృందాలు ఈ మార్పు గురించి ప్రచురించినప్పుడు తేలింది రిస్క్ సుమారు మూడు రెట్లు అని. అరవై అయిదేళ్లప్పుడు అసలే కొద్దిమందికి ఉండే జబ్బు, మూడు రెట్లయినా కొద్దిమందికే. ఈ మార్పు ఉండి కూడా ముసలితనంలో జ్ఞాపకశక్తి బాగున్నవాళ్లున్నారు, అల్జీమర్స్ వచ్చినవాళ్లలో అత్యధికులకు ఈ మార్పే లేదు. ట్రెమ్2కి కణం లోపల ఉండే తోక చాలా పొట్టి, సొంతంగా సిగ్నల్ పంపలేదు, పక్కనున్న డాప్12 ప్రోటీన్ ద్వారానే కణం లోపలికి కబురు వెళ్తుంది. ఆర్47హెచ్ వల్ల బయటి కొవ్వు పదార్థాలనూ, కొవ్వును మోసే అపోఈ ప్రోటీన్‌నీ పట్టుకునే శక్తి తగ్గుతుంది, అంతేగానీ రిసెప్టర్ పూర్తిగా మూగబోదు, పైగా చాలామందిలో ఈ జీన్ రెండో కాపీ మామూలుగానే ఉంటుంది. రెండు కాపీలూ పనిచేయకపోతే వచ్చేది నాసు-హకోలా అనే వేరే జబ్బు, చాలా అరుదు, ఎముకలు విరగడంతో మొదలై నడివయసుకే మతి పోతుంది.

మా బంధువులమ్మాయి ఒకతె వాళ్లమ్మ మతిమరుపు చూసి భయపడి తనకు టెస్టు చేయించుకుంది, రిపోర్టు చూసి రాత్రంతా ఏడ్చిందట. "అమ్మకి బీ12, థైరాయిడ్ చూపించారా తల్లీ?" అంటే లేదంది. చూపిస్తే బీ12 బాగా తక్కువ, ఇంజెక్షన్ల తర్వాత ఆవిడ చాలా తేరుకుంది. దయచేసి ముందు ఇవి చూపించండి, న్యూరాలజిస్టును కలవండి. జీన్ రిపోర్టు పట్టుకుని పెళ్లి సంబంధాలు మానేసుకోవద్దు.

అపోహ: ట్రెమ్2ని ఉత్తేజపరిస్తే జబ్బు పోతుంది.

వాస్తవం: అంత తేలిక కాదు. అల్జీమర్స్‌లో మెదడులో అమిలాయిడ్, టావ్ అనే ప్రోటీన్లు పేరుకుంటాయి. ఎలుకల్లో అమిలాయిడ్ దశలో ఈ రిసెప్టర్ లేకపోతే నష్టం ఎక్కువైంది, టావ్ పేరుకున్న ఎలుకల్లో లేకపోవడమే మేలు చేసింది! దీన్ని ఉత్తేజపరిచే ఏఎల్002 యాంటీబాడీ రెండో దశ ట్రయల్‌లో జబ్బు వేగాన్ని తగ్గించలేదని 2024 నవంబర్‌లో తేలింది. కాబట్టి ట్రెమ్2 పేరు చెప్పి ఎవరైనా మాత్రలు అమ్మజూపితే కొనకండి.

అపోహ: ఎలుకల్లో కనిపించిందంతా మనకూ వర్తిస్తుంది.

వాస్తవం: ఆర్47హెచ్ పెట్టిన తొలి ఎలుకల్లో స్ప్లైసింగ్ (జీన్ సందేశాన్ని కత్తిరించి అతికించే పని) దెబ్బతిని రిసెప్టరే తగ్గిపోయింది, మనుషుల్లో అలా జరగదు.