మునీర్ ఓజ్కుల్ అనే మాస్టారు, ఒక పాత టోపీ

పిల్లలూ,

మొన్న మీరు టర్కీ సీరియల్ చూస్తూ ఆ నటుల్ని తెగ మెచ్చుకుంటుంటే, వాళ్ల తాతల తరం నటుడు ఒకాయన గురించి చెప్పాలనిపించింది. పేరు మునీర్ ఓజ్కుల్. 1925లో ఇస్తాంబుల్‌లో పుట్టారు. కుర్రాడిగా బకిర్‌కొయ్ పేటలో సరదాకి నాటకాలు మొదలుపెట్టి, తర్వాత ముహ్సిన్ ఎర్తూరుల్ లాంటి నాటకరంగం పెద్దల దగ్గర పనిచేసి రాటుదేలారు.

టర్కీలో ఇప్పటికీ ఇంటింటా ఆయన మాస్టారే. 1975లో వచ్చిన 'హబాబం సినిఫి' సినిమాలో చదువు తప్ప అన్నీ చేసే ఓ హాస్టల్ క్లాసు ఉంటుంది, ఆ పిల్లల మీదకి మహ్ముత్ మాస్టారుగా ఈయన వస్తారు. వాళ్లు ఆయనకి బట్టతల మహ్ముత్ అని పేరు పెడతారు, ఆయన వాళ్లని ఒంటికాలి మీద నిలబెడతారు, అయినా ఆ కళ్లు చూస్తే ఈయన పిల్లల మనిషి అని మనకి తెలిసిపోతుంది. అలా కళ్లతో చెప్పడం అందరివల్లా కాదు. అదే బడిలో చేత్తో గంట కొడుతూ, పిల్లల్ని వెనకేసుకొచ్చే ఆయమ్మగా అదిలె నాషిత్ చేశారు. వీళ్లిద్దరే 1978లో 'నెషెలి గ్యున్లెర్'లో భార్యాభర్తలు. ఊరగాయలు అమ్ముకునే ఇల్లు, ఊరగాయకి నిమ్మరసమా వెనిగరా అన్న దగ్గర గొడవ ముదిరి పిల్లల్ని పంచుకుని విడిపోయేదాకా వెళ్తుంది! ఆవకాయ పెట్టేరోజు మనింట్లో జరిగే వాదన తెలిసినవాళ్లకి అది వింతగా అనిపించదు.

కానీ నాకు ఆయనలో ఎక్కువ ఇష్టమైంది టోపీ కథ. టర్కీలో ఒర్తాఒయును అని పాత నాటకం ఉంది. మన వీధి నాటకంలాగే జనం చుట్టూ కూర్చుంటే మధ్యలో ఆడతారు, రాసుకున్న మాటలుండవు, అప్పటికప్పుడు పుట్టించాల్సిందే. అందులో నవ్వించే పాత్ర పెట్టుకునే పెద్ద తలపాగా టోపీని కవుక్ అంటారు. కెల్ హసన్ అనే నటుడు తన కవుక్‌ని ఇస్మాయిల్ డుంబుల్లుకి ఇచ్చారు, ఆయన 1968లో మన మునీర్ గారికి ఇచ్చారు. అంటే ఇక ఈ విద్య నీ చేతుల్లో ఉంది అని పెద్దాయన అందరి ముందూ ఒప్పుకున్నట్టు. సినిమాలు ఎంత పేరు తెచ్చినా రంగస్థలం వాళ్లకి అంతకంటే పెద్ద గౌరవం లేదు.

ఆ టోపీని మునీర్ గారు చివరిదాకా తన దగ్గరే ఉంచుకోలేదు. 1989లోనే ఫెర్హాన్ షెన్సోయ్ అనే నటుడికి అప్పగించేశారు. ఆ తర్వాత దాదాపు ముప్ఫై ఏళ్లు బతికారు, ముసలితనంలో జ్ఞాపకశక్తి పోయి ఇంట్లోనే ఉండిపోయారు, 2018 జనవరి 5న తొంభై రెండేళ్ల వయసులో పోయారు. ఆ టోపీ మాత్రం 2016లో రసిమ్ ఓజ్తెకిన్‌కి, 2020లో షెవ్‌కెత్ చోరుహ్‌కి చేరింది.

సెలవులకి రండి, ఆ ఊరగాయ సినిమా కలిసి చూద్దాం.

మీ తాతయ్య