వాహనంలో వీల్‌చెయిర్: నాలుగు పట్టీల దాకా వచ్చిన దారి

గంటకు 48 కిలోమీటర్ల వేగంతో పోతున్న వ్యాను ఎదురుగా దేన్నయినా బలంగా గుద్దుకుంటే, లోపలున్న ప్రతి వస్తువూ ఒక్క క్షణం పాటు తన బరువుకు ఇంచుమించు 20 రెట్ల బలంతో ముందుకు దూకుతుంది. 85 కిలోల వీల్‌చెయిర్ ఆ క్షణంలో 1,700 కిలోల బరువులా లాగుతుంది. 150 కిలోల బ్యాటరీ కుర్చీ అయితే 3 టన్నులు. అందులో కూర్చున్న మనిషి బరువు దీనికి అదనం. చక్రాలకు బ్రేకు వేశాం కదా అని ధైర్యంగా ఉండటానికి వీల్లేదు. మామూలు కుర్చీలో ఆ బ్రేకు అంటే టైరును నొక్కి పట్టే చిన్న మీట. నిలబెట్టిన చోట కుర్చీ దొర్లిపోకుండా చూడటం వరకే దాని సత్తా.

ఈ బలాన్ని ఎలా కాచుకోవాలన్న ప్రశ్నకు ఇవాళ గట్టి జవాబు ఉంది. అది రావడానికి చాలా ఏళ్లు పట్టింది. కుర్చీ తయారుచేసేవాళ్లు దాన్ని వాహనంలో సీటుగా ఎన్నడూ ఊహించలేదు. వాహనం తయారుచేసేవాళ్లకు తాము బిగించిన సీటే సీటు. ఆ రెంటినీ కలిపే కొక్కేలు, పట్టీలు, నేలలోని బిగింపులు ఎవరి లెక్కలోకీ రాకుండా మిగిలిపోయాయి. ఇప్పటికీ జరిగే నష్టంలో చాలా భాగం ఆ సందులోంచే వస్తోంది.

1930లలో అమెరికాలో హెర్బర్ట్ ఎవరెస్ట్, హ్యారీ జెన్నింగ్స్ అనే ఇద్దరు ఇంజనీర్లు సీటు కింద కత్తెరలా అడ్డంగా వేసిన రెండు కడ్డీలతో మడిచే ఉక్కు వీల్‌చెయిర్‌ను తయారుచేశారు. ఎవరెస్ట్ గని ప్రమాదంలో నడక పోగొట్టుకున్న మనిషి. కుర్చీ మడిచి కారులో పెట్టుకోవచ్చన్నదే దాని గొప్ప. అంటే మనిషి కారు సీటులోకి మారతాడు, కుర్చీ సామానులా వెనక్కి పోతుంది. సీటు మారగలిగినవాళ్లకు ఇప్పటికీ ఇంతకన్నా భద్రమైన పద్ధతి లేదు, ఎందుకంటే కారు సీటునూ దాని బెల్టునూ కలిపి పరీక్షించి ఉంటారు. ఖాళీ కుర్చీని మాత్రం మర్చిపోకూడదు. కట్టకుండా వదిలేస్తే గుద్దుకున్నప్పుడు అదే మీద పడుతుంది.

సీటు మారలేనివాళ్ల సంగతే చిక్కు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత కెనడాలో జార్జ్ క్లైన్ లాంటివాళ్ల కృషితో మోటారు కుర్చీలు వచ్చాయి. అవి బరువు, చాలావరకు మడవవు. వాటి మీద బతికేవాళ్లు కుర్చీతో సహా వాహనంలోకి ఎక్కాల్సిందే. 1970లలో అమెరికాలో రెండు చట్టాలు ఈ ప్రయాణాన్ని పెద్ద ఎత్తున మొదలుపెట్టాయి. 1973 పునరావాస చట్టంలోని 504వ సెక్షను ప్రభుత్వ సొమ్ముతో నడిచే సేవల్లో వైకల్యం పేరుతో వివక్షను నిషేధించింది. 1975 విద్యా చట్టం వికలాంగ పిల్లలను బడికి చేర్చే బాధ్యతను బడుల మీద పెట్టింది. బస్సులకు లిఫ్టులు వచ్చాయి, పిల్లలు కుర్చీలతో లోపలికి వచ్చారు. లోపలికి వచ్చాక ఆ కుర్చీని దేనికి కట్టాలో చెప్పే ప్రమాణం మాత్రం అప్పటికి లేదు.

దాంతో ఎవరికి తోచింది వాళ్లు చేశారు. ఎక్కువగా కనిపించింది వెనక చక్రాల అంచును పట్టుకునే బిగింపు. కుర్చీని వెనక్కి తోస్తే టక్కున పడుతుంది, డ్రైవరు వంగే పని లేదు. కానీ పట్టు ఉన్నది చక్రానికి, బరువు ఉన్నది ఫ్రేముకూ మనిషికీ. గట్టి దెబ్బకు చక్రం పుల్లలు వంగుతాయి, చక్రం ఊడొస్తుంది, ముందు భాగానికి ఏ పట్టూ లేదు కనక కుర్చీ ముక్కు మీదికి పల్టీ కొడుతుంది. ఇంకో అలవాటు, స్థలం కలిసొస్తుందని కుర్చీలను బస్సు గోడకు వీపు ఆనించి పక్కవాటుగా నిలబెట్టడం. వాహనం ముందునుంచి గుద్దుకుంటే ఆ బలం కుర్చీకి పక్కనుంచి తగులుతుంది. వీల్‌చెయిర్ ఫ్రేము అన్నిటికన్నా బలహీనంగా ఉండేది ఆ దిశలోనే. మనిషి నడుమూ మెడా పక్కకు విరిగినట్టు ఒరుగుతాయి, భుజం మీది బెల్టు ఉన్నా దాని మీంచి జారిపోతారు.

అన్నిటికన్నా ప్రమాదకరమైంది, చూడటానికి తెలివిగా కనిపించే మూడోది: మనిషినీ కుర్చీనీ కలిపి ఒకే బెల్టుతో చుట్టేయడం. గుద్దుకున్నప్పుడు కుర్చీ బరువంతా వెనకనుంచి మనిషి మీదికి వస్తుంది, ముందు బెల్టు ఆపుతుంది. ఆ రెంటి మధ్య నలిగేది పొట్ట, ఛాతీ. కుర్చీ భారం మనిషి బెల్టు మీద పడకూడదు, కుర్చీకి దాని పట్టీలు, మనిషికి మనిషి బెల్టు అన్న మూలసూత్రం ఇక్కడినుంచే వచ్చింది.

దీన్ని తేల్చింది స్లెడ్ పరీక్షలు. పట్టాల మీద బల్ల, దాని మీద కుర్చీ, అందులో బొమ్మ. బల్లకు ఒక్కసారిగా ఢీకొన్నంత కుదుపు ఇచ్చి వేగమైన కెమెరాలతో చూస్తారు. అమెరికాలో మిషిగన్ విశ్వవిద్యాలయపు రవాణా పరిశోధన సంస్థ ఈ పనిని దశాబ్దాల పాటు చేసింది. ఆ పరీక్షల్లో నిలబడ్డ ఏర్పాటే ఇవాళ మనం చూసే నాలుగు పట్టీల పద్ధతి. కుర్చీ ముఖం వాహనం ముందువైపుకు ఉండాలి. రెండు పట్టీలు ముందు, రెండు వెనక. వెనకవి ప్రక్క నుంచి చూస్తే నేలతో 30 నుంచి 45 డిగ్రీల కోణంలో, వీలైనంత నేరుగా వెనక్కి సాగాలి, ఎందుకంటే ముందునుంచి గుద్దుకున్నప్పుడు భారం మోసేవి అవే. ముందువి 40 నుంచి 60 డిగ్రీలు, కుర్చీ వెడల్పు కన్నా కాస్త బయటికి పరుచుకుని ఉండాలి, మలుపుల్లో పక్కకు ఊగకుండా ఆపేది అలా పరుచుకుని ఉండటమే. మనిషికి విడిగా నడుము బెల్టు, భుజం బెల్టు. 1959లో వోల్వోలో నిల్స్ బోలిన్ కార్లకు తెచ్చిన మూడు బిందువుల బెల్టు సూత్రమే ఇదీ.

చట్టం అక్కడికి చేరింది 1990ల్లో. 1990 నాటి అమెరికా వికలాంగుల చట్టం కింద వచ్చిన వాహన నిబంధనలు కుర్చీ నిలిపే చోటు 30 అంగుళాల వెడల్పు, 48 అంగుళాల పొడవు ఉండాలన్నాయి. మామూలు నడకలో కుర్చీ ఏ దిశలోనూ 2 అంగుళాలకు మించి కదలకూడదు. 30,000 పౌండ్ల లోపు వాహనాల్లో ఒక్కో పట్టీ 2,500 పౌండ్లు, మొత్తం ఏర్పాటు 5,000 పౌండ్ల లాగుడు తట్టుకోవాలి. అంతకు మించిన పెద్ద బస్సుల్లో ఇవి 2,000, 4,000. బరువైన వాహనం ఆగేటప్పుడు లోపలి కుదుపు తక్కువ కనక అక్కడ సడలింపు. సీటు బెల్టునూ భుజం బెల్టునూ కుర్చీని కట్టే పరికరానికి బదులుగా వాడకూడదని కూడా అదే నిబంధన స్పష్టంగా రాసింది. ఒకే బెల్టుతో చుట్టే అలవాటుకు అది సూటి జవాబు. బడి బస్సుల ప్రమాణం, 222వ నంబరుది, 1993లో మారి, 1994 జనవరి నుంచి కుర్చీ చోట్లన్నీ ముందుకే ముఖం పెట్టి ఉండాలని ఆదేశించింది. పక్కవాటు కూర్చోబెట్టడం కొత్త బడి బస్సుల్లో అలా ముగిసింది.

ఇంతా చేసి ఇవన్నీ వాహనం వైపు నియమాలు. ఎంత గట్టి పట్టీ ఉన్నా కొక్కెం తగిలించడానికి కుర్చీలో చోటేది? డ్రైవరు చేతికందిన కడ్డీకి తగిలిస్తాడు. అది ఊడదీయగలిగే చేతిపట్టు కావచ్చు, కాలు పెట్టుకునే పలక కావచ్చు, చక్రం పుల్లలు కావచ్చు. మూడూ దెబ్బకు ఊడేవే. 2000లో వచ్చిన అమెరికా ప్రమాణం డబ్ల్యూసీ19, 2001లో వచ్చిన అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 7176-19 ఈ లోటు పూడ్చడానికి వచ్చినవే. వీటి ప్రకారం కుర్చీ ఫ్రేములోనే నాలుగు బిగింపు చోట్లు ఉండాలి, ప్రతిదాని దగ్గరా కొక్కెం గుర్తు ఉండాలి, వాటితో కట్టిన కుర్చీ 48 కిలోమీటర్లు, 20 రెట్ల పరీక్షలో నిలవాలి. పట్టీలకు ఐఎస్ఓ 10542 జోడీ ప్రమాణం. దాని పరీక్షలో వాడే నమూనా కుర్చీ బరువు 85 కిలోలు, కాబట్టి అంతకన్నా చాలా బరువైన మోటారు కుర్చీని కట్టేటప్పుడు పట్టీలు ఎంత బరువుకు పరీక్షించినవో చూసుకోవాలి. కొన్ని కుర్చీలకు వెనక రెండుకు బదులు నాలుగు పట్టీలు అవసరమవుతాయి.

గుర్తులు లేని పాత కుర్చీ వస్తే ఫ్రేములో వెల్డు చేసిన కూడలి వెతకాలి, సీటు అడుగుకు వీలైనంత దగ్గరగా. కొక్కెం పట్టకపోతే పట్టీ గుడ్డతో కుట్టిన ఉచ్చును ఫ్రేముకు చుట్టి దానికి తగిలించాలి. ముందు పట్టీలు తగిలించి, బ్రేకు వేసి, మోటారు కుర్చీ అయితే కరెంటు ఆపి, ఆ తర్వాత వెనక పట్టీలు తగిలించి బిగించాలి. పట్టీ మెలిక పడకూడదు, పదునైన అంచు మీంచి పోకూడదు. చివర్లో కుర్చీని రెండు చేతులతో పట్టుకుని ఊపి చూడాలి. పట్టీల చివరలు బిగించే, వాహనం నేలలోని పట్టాల గాళ్లలో మట్టి, ఇసుక పేరుకుంటే బిగింపు పైకి కూర్చున్నట్టే ఉంటుంది కానీ లోపల తాళం పడదు. వారానికోసారైనా ఊడ్చి, చేత్తో లాగి చూడాల్సిన చోటు ఇది.

యూరప్‌లో పెద్ద సిటీ బస్సులు వేరే దారి పట్టాయి. బరువైన సిటీ బస్సులో అత్యవసర బ్రేకు వేసినా లోపలి కుదుపు బరువుకు ఒక రెట్టు కూడా ఉండదు. అందుకని కుర్చీ వెనక్కి ముఖం పెట్టి, వీపు ఒక మెత్త పలకకు ఆనించి నిలబెడతారు, నడవా వైపు కడ్డీ ఒకటి ఉంటుంది. పట్టీలు లేవు, డ్రైవరు లేవనక్కర్లేదు, ప్రయాణికుడు ఎవరి సాయమూ లేకుండా ఎక్కి దిగుతాడు. బ్రిటన్ 2000 నిబంధనల్లో ఈ చోటుకు 1,300 మిల్లీమీటర్ల పొడవు, 750 వెడల్పు రాసిపెట్టారు. స్వతంత్రంగా తిరగాలన్న కోరికకు ఇంత గౌరవమిచ్చిన ఏర్పాటు మరొకటి లేదు. అయితే ఇది పెద్ద బస్సులకే. వ్యానులోకో చిన్న బస్సులోకో తెస్తే పనికిరాదు. పెద్ద బస్సులోనూ ఇది చెడేది చిన్న కారణంతో: కుర్చీ వీపుకు తగిలించిన సంచి. సంచి లావు మేర కుర్చీ పలకకు దూరంగా ఉండిపోతుంది, ఆ ఖాళీలో కుర్చీ కదిలి వేగం అందుకున్నాక పలకను కొడుతుంది. సంచి తీసి ఒళ్లో పెట్టుకోమని అడగాలి.

సొంత వాహనంలో తామే నడుపుకునేవాళ్లకు ఇంకో పద్ధతి ఉంది. కుర్చీ కింద బిగించిన బోల్టు నేల మీది తాళంలోకి దానంతటదే పడుతుంది, మీట నొక్కితే విడుస్తుంది. ఆ బోల్టు ఫలానా కుర్చీకి ఫలానా భాగంతో పరీక్షించినదై ఉండాలి. అది నేలకు దగ్గరగా వేలాడుతుంది కనక గడపలకూ ర్యాంపు అంచులకూ తగులుతుంటుంది.

కుర్చీ కట్టడం ఇన్నేళ్లలో ఎంతో మెరుగుపడింది. మనిషిని కట్టడం అంత మెరుగుపడలేదన్నది కఠినమైన మాటే అయినా నిజం. నాలుగు పట్టీలూ చక్కగా బిగించి, భుజం బెల్టు గోడకు వేలాడదీసి వదిలేసిన ప్రయాణాలు సర్వసాధారణం. ఏ ఢీకొనడమూ లేకుండా, మలుపులోనో గట్టి బ్రేకులోనో కుర్చీలోంచి జారిపడి తుంటి, తొడ ఎముకలు విరగ్గొట్టుకునేది ఇలాగే. కుర్చీకి ఉండే నడుము పట్టీ ఉంది కదా అంటారు. చాలావరకు అది కూర్చున్న భంగిమ నిలపడానికి పెట్టింది, వెల్క్రోతోనో ప్లాస్టిక్ బకిలుతోనో ఉంటుంది, ఢీకొన్నప్పుడు విడిపోతుంది. అసలు బెల్టు పొట్ట మీద కాకుండా తుంటి ఎముకల మీద, తొడలు మొదలయ్యే చోట పడాలి. చేతిపట్టుల మీంచి వేస్తే బెల్టుకూ ఒంటికీ మధ్య ఖాళీ మిగిలి, మనిషి దాని కిందనుంచి జారిపోతాడు. చేతిపట్టుల లోపలినుంచి, వాటికీ కుర్చీ వీపుకూ మధ్య సందులోంచి దూర్చాలి. వీపు పలక 30 డిగ్రీలకు మించి వెనక్కి వాల్చి ఉంటే భుజం బెల్టు ఛాతీకి ఆనదు. ముందు 65 సెంటీమీటర్ల ఖాళీ కావాలి, భుజం బెల్టు లేనప్పుడు 95. తల వెళ్లి ఏ కడ్డీనో తగలకుండా ఉండటానికి ఆ లెక్క. ఒళ్లోని ట్రే, ఆక్సిజన్ సిలిండరు, వెంటిలేటరు తీసి విడిగా కట్టాలి.

ప్రమాదానికి గురైన పట్టీలను, బెల్టులను బాగున్నట్టు కనిపించినా తిరిగి వాడకూడదు. లోపలి పోగులు సాగిపోయి ఉంటాయి. కుర్చీని తయారీదారుకు చూపించాలి.

బిగింపు చోట్లు ఉన్న కుర్చీ కొనడం ఇప్పటికీ చాలా నమూనాల్లో ఐచ్ఛికమే, ఆర్డరు ఇచ్చేటప్పుడు విడిగా అడిగితేనే వస్తుంది. కొన్నాక ఫ్రేముకు రంధ్రాలు వేయించి కొక్కేలు పెట్టించుకుంటే అక్కడ లోహం బలహీనపడుతుంది, ఆ కుర్చీకి ఏ పరీక్షా వర్తించదు. కుర్చీ రాసిచ్చే వైద్యుడు, కొలతలు తీసే చికిత్సకుడు, సొమ్ము కట్టే సంస్థ, ముగ్గురిలో ఎవరో ఒకరు ‘ఈ మనిషి కుర్చీలో కూర్చునే ప్రయాణిస్తారా?’ అని ఆర్డరుకు ముందే అడగాలి. అవునంటే ఆ నాలుగు చోట్లు, ఫ్రేముకే బిగించే పరీక్షించిన నడుము బెల్టు, తల ఆనే పలక మొదటి ఆర్డరులోనే ఉండాలి.