కెంట్ స్టేట్ కాల్పులు: ఒకే ఈడు పిల్లలు, రెండు వైపులా

1970 మే 4, సోమవారం మధ్యాహ్నం. అమెరికాలోని ఒహాయో రాష్ట్రం, కెంట్ స్టేట్ యూనివర్సిటీ. వియత్నాం యుద్ధంపై నిరసన జరుగుతుండగా నేషనల్ గార్డ్ (రాష్ట్రం అవసరమైనప్పుడు దించే సైనిక దళం) సైనికులు 13 సెకన్లలో 60కి పైగా తూటాలు పేల్చారు. నలుగురు విద్యార్థులు చనిపోయారు, తొమ్మిది మంది గాయపడ్డారు. చనిపోయిన శాండ్రా షూయర్ క్లాసుకు నడిచి వెళ్తోంది. విలియం ష్రోడర్ అయితే సైన్యంలో ఆఫీసర్ కావడానికి కాలేజీలోనే శిక్షణ పొందుతున్న కుర్రాడు.

నాలుగు రోజుల ముందు, ఏప్రిల్ 30న, అధ్యక్షుడు నిక్సన్ టీవీలోకి వచ్చి వియత్నాం పక్కనున్న కంబోడియాలోకి సైన్యాన్ని పంపుతున్నానన్నాడు. వియత్నాం యుద్ధం తగ్గుతుందని ఎదురుచూసిన క్యాంపస్‌లు భగ్గుమన్నాయి. మే 2న కెంట్‌లో సైనిక శిక్షణ భవనం తగలబడింది. ఆ రాత్రే గార్డ్ దిగింది.

చీలిక మాత్రం అంతకంటే పాతది. 18 నిండిన ప్రతి అబ్బాయీ సైన్యం పిలుపు కోసం పేరు నమోదు చేసుకోవాల్సి ఉండేది. కాలేజీలో చదువుతుంటే ఆ పిలుపు వాయిదా పడేది. అంటే ఫీజు కట్టగలిగిన ఇంటి పిల్లాడు క్లాసులో కూర్చుంటే, కట్టలేని ఇంటి పిల్లాడు తుపాకీ పట్టాడు. 1969 డిసెంబర్ 1న ఎవరిని ముందు పిలవాలో తేల్చడానికి పుట్టినరోజులను చీటీలుగా వేసి లాటరీ తీశారు. మొదట వచ్చిన తేదీ సెప్టెంబర్ 14. చీటీలో తేదీ ముందుగా వచ్చినా, కాలేజీ విద్యార్థికి వాయిదా ఉండనే ఉంది. ఒక తరాన్ని విడగొట్టింది నినాదాలకంటే ఈ ఏర్పాటేనని నేను గట్టిగా నమ్ముతాను. యుద్ధం వద్దన్న విద్యార్థుల మాట న్యాయమైనదే. కానీ అన్న వియత్నాంలో ఉన్న ఇంట్లో అది అవమానంలా వినపడింది.

కాల్పుల తర్వాత గాయం ఇంకా పెద్దదైంది. గ్యాలప్ అనే సంస్థ చేసిన ప్రజాభిప్రాయ సర్వేలో 58 శాతం మంది తప్పు విద్యార్థులదేనన్నారు. మే 8న న్యూయార్క్‌లో భవన నిర్మాణ కార్మికులు నిరసనకారులను చితకబాదారు. ఆ తర్వాత వారం మిసిసిపీలోని జాక్సన్ స్టేట్ కాలేజీలో పోలీసుల తూటాలకు ఇద్దరు నల్లజాతి యువకులు బలయ్యారు. వాళ్లను దేశం అంతగా తలుచుకోలేదు, అది నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది. ఆగస్టులో విస్కాన్సిన్ రాష్ట్రంలోని మాడిసన్‌లో యుద్ధ వ్యతిరేకులు పెట్టిన బాంబుకు 33 ఏళ్ల పరిశోధకుడు చనిపోయాడు. దాంతో ఉద్యమంలోని వాళ్లే ఒకరినొకరు నిలదీసుకున్నారు.

కెంట్ కాల్పులకు ఏ సైనికుడికీ శిక్ష పడలేదు. 1979లో బాధితులకు 6,75,000 డాలర్లు, ఒక విచార ప్రకటన దక్కాయి. ఆ నలుగురు కూలిన చోట్లు పార్కింగ్ స్థలంలో ఉన్నాయి. 1999లో గుర్తులు పెట్టేదాకా అక్కడ కార్లు ఆపేవారు.