పీ స్క్వేర్ బై టూ ఎమ్ ఎక్కడ తప్పుతుంది?

ఇంటర్‌లో ఫిజిక్స్ చదివినవాళ్లని అర్ధరాత్రి నిద్రలేపి అడిగినా గతిజశక్తి అంటే హాఫ్ ఎమ్ వీ స్క్వేర్ అంటారు, ద్రవ్యవేగం చేతికిస్తే పీ స్క్వేర్ బై టూ ఎమ్ అంటారు. క్రికెట్ బంతికీ, ఆర్టీసీ బస్సుకీ దీంతో ఏ పేచీ లేదు. పయాన్ అనే, పుట్టిన క్షణంలోనే విడిపోయే చిన్న కణం దగ్గరే మొదలవుతుంది తంటా.

ఆవేశమున్న పయాన్ ద్రవ్యరాశి 139.57 ఎంఈవీ, అంటే మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టులు. కాంతివేగాన్ని ఒకటి అనుకుంటే ద్రవ్యరాశి, ద్రవ్యవేగం, శక్తి మూడింటికీ ఈ ఒక్క యూనిట్ చాలు, ఇక్కడ అన్ని అంకెలూ అందులోనే. కదలకుండా ఉన్న పయాన్ మామూలుగా మ్యూయాన్ (ఎలక్ట్రాన్‌కి బరువైన అన్నలాంటి కణం), న్యూట్రినో (ఆవేశం లేని, ద్రవ్యరాశి దాదాపు లేని కణం)గా విడిపోతుంది. మొదట ద్రవ్యవేగం సున్నా కాబట్టి రెండూ చెరో దిక్కుకీ సమానమైన ద్రవ్యవేగంతో పోవాల్సిందే, ఆ విలువ 29.79. ఎప్పుడు చూసినా అంతే. 1947లో బ్రిస్టల్‌లో సెసిల్ పావెల్ బృందం కాస్మిక్ కిరణాలు తగిలిన ఫొటో ఎమల్షన్ ప్లేట్లను మైక్రోస్కోపు కింద పెట్టి చూస్తే, పయాన్ ఆగినచోట మొదలైన మ్యూయాన్ గీతలన్నీ దాదాపు ఒకే పొడవున్నాయి, సుమారు 0.6 మిల్లీమీటర్లు. ఆ గీత పొడవే మ్యూయాన్ గతిజశక్తికి కొలత.

మ్యూయాన్ ద్రవ్యరాశి 105.66. పాత సూత్రంలో వేస్తే 4.20 వస్తుంది, అసలు విలువ 4.12. పెద్ద తేడా ఏం కాదు, మాస్టారు మార్కులు వేసేస్తారు.

కానీ పదివేలల్లో ఒకసారి పయాన్ మ్యూయాన్‌కి బదులు ఎలక్ట్రాన్‌ని ఇస్తుంది. దాని ద్రవ్యరాశి 0.511, ద్రవ్యవేగం 69.8. ఇప్పుడు అదే పీ స్క్వేర్ బై టూ ఎమ్ వేయండి: దాదాపు 4,770! పయాన్ మొత్తం ఆస్తే 139.57 అయితే, అందులోంచి పుట్టిన ఎలక్ట్రాన్ దానికి 34 రెట్ల శక్తి ఎక్కడినుంచి తెచ్చుకుంటుంది?

ఐన్‌స్టీన్ లెక్క ఇది: మొత్తం శక్తి ఈ అనుకుంటే, ఈ స్క్వేర్ అంటే పీ స్క్వేర్ ప్లస్ ఎమ్ స్క్వేర్. లంబకోణ త్రిభుజంలో కర్ణం లెక్కే కదా. గతిజశక్తి అంటే ఈ లోంచి ఎమ్ తీసేయగా మిగిలింది. చాలామంది ఇక్కడ స్క్వేర్ రూట్ వేసి, తీసివేసి ఊరుకుంటారు. నాకు మాత్రం ఇంకో అడుగు వేయడం ఇష్టం. ఎనిమిదో తరగతి ఏ స్క్వేర్ మైనస్ బీ స్క్వేర్ గుర్తు తెచ్చుకుంటే, పీ స్క్వేర్ అనేది (ఈ మైనస్ ఎమ్) ఇంటూ (ఈ ప్లస్ ఎమ్). కాబట్టి గతిజశక్తి: పీ స్క్వేర్ బై (ఈ ప్లస్ ఎమ్).

చూశారా, మనం బట్టీపట్టిన టూ ఎమ్ నిజానికి ఈ ప్లస్ ఎమ్. కణం నెమ్మదిగా పోతున్నప్పుడు ఈ దాదాపు ఎమ్‌తో సమానం కాబట్టి టూ ఎమ్‌లా కనబడింది. మన ఎలక్ట్రాన్‌కి ఈ 69.8, ఎమ్ 0.511, ఈ రెండూ కలిపి పీ స్క్వేర్‌ని భాగిస్తే 69.3. పయాన్ బడ్జెట్‌లోనే ఉంది.

పరిశోధనశాలల్లో ఈ లెక్క రోజూ అవసరమే, ఎందుకంటే అయస్కాంత క్షేత్రంలో ఆవేశమున్న కణం దారి ఎంత వంగిందో చూస్తే ముందు తెలిసేది ద్రవ్యవేగమే.

ఇంకో లాభం కూడా ఉంది. ప్రోటాన్ ద్రవ్యరాశి 938.272, ద్రవ్యవేగం 0.001 అనుకుని పది అంకెల కాలిక్యులేటర్‌లో రూట్ వేసి ఎమ్ తీసేస్తే సున్నా వస్తుంది, అంత చిన్న తేడా ఆ పది అంకెల్లో పట్టదు మరి. ఈ ప్లస్ ఎమ్‌తో భాగిస్తే 0.00000000053 అని బుద్ధిగా చెబుతుంది.