చుక్కల వెలుగు సొంతమా, ఎరువా? కొన్ని అపోహలు – వాస్తవాలు

అమలాపురం చుట్టుపక్కల ఊళ్లలో, బళ్లలో టెలిస్కోపు పెట్టి ఆకాశం చూపించడం నా పని. ఆకాశంలో ఏది తానే వెలుగుతుంది, ఏది ఎరువు తెచ్చుకున్న వెలుగుతో మెరుస్తుంది అన్నదాని గురించి ఎక్కడికి వెళ్లినా దాదాపు ఇవే మాటలు వినిపిస్తాయి.

అపోహ: బాగా మెరిసేది నక్షత్రం, మసగ్గా ఉండేది గ్రహం.

వాస్తవం: సూర్యచంద్రుల తర్వాత ఆకాశంలో అన్నిటికంటే కాంతిగా కనిపించే గోళం శుక్రుడే. తెల్లవారుజామున మనవాళ్లు వేగుచుక్క అనేది దాన్నే. కంటికి కనిపించేంత సొంత వెలుగు దానికి లేదు. దట్టమైన మేఘాలు మీద పడిన ఎండలో సుమారు ముప్పావు వంతు తిప్పికొడతాయి, పైగా మనకి దగ్గర. ఒక లంక ఊళ్లో శుక్రుణ్ణి చూపిస్తే ఓ పెద్దావిడ "చుక్కని చూపిస్తానని చందమామని చూపిస్తావేంటి బాబూ" అని నిలదీశారు. ఆ సమయానికి చంద్రుడు ఇంకా పొడవనేలేదు. ఆవిడ చూసింది నెలవంకలా ఉన్న శుక్రుణ్ణే. గెలీలియో 1610లో గమనించింది ఈ కళలనే. సొంతంగా వెలిగే గోళమైతే ఎప్పుడూ నిండుగానే కనిపించాలి కదా.

2012 జూన్ 6 ఉదయం శుక్రుడు సూర్యుడికి అడ్డంగా నల్లటి చుక్కలా దాటాడు, సొంత వెలుగు లేదనడానికి అది చాలదా అని కొందరు టీచర్లు అంటారు. అదొక్కటే చాలదండి. సూర్యుడి మీద మచ్చలు కూడా నల్లగానే కనిపిస్తాయి. కానీ వాటిని విడిగా చూడగలిగితే కళ్లు చెదురుతాయి, అంత వెలుగు వాటికి సొంతంగానే ఉంది.

అపోహ: మినుకు మినుకుమంటే సొంత వెలుగు ఉన్నట్టే.

వాస్తవం: మినుకుమనిపించేది మన గాలి. నక్షత్రం మరీ దూరం కాబట్టి సూదిమొనంత కనిపిస్తుంది, గాలి కదిలితే దాని వెలుగూ వణుకుతుంది. గ్రహం చిన్న బిళ్లలా ఉంటుంది కనుక అంతగా వణకదు. కానీ అంతర్వేది తీరంలో నీళ్ల అంచుకి దగ్గరగా ఉన్నప్పుడు చూడండి, గ్రహం కూడా మినుకుమంటుంది. నెత్తిమీదకొచ్చిన వాటికే ఈ గుర్తు పనికొస్తుంది.

అపోహ: గురుడు నక్షత్రం కాబోయి ఆగిపోయాడు, అందుకే కాస్త తానే వెలుగుతాడు.

వాస్తవం: ఇందులో సగం నిజం ఉంది కాబట్టే ఇది ఓ పట్టాన పోదు. గురుడు సూర్యుడి నుంచి తీసుకునే వేడికంటే ఎక్కువే బయటికి పంపుతాడు. అయితే అది పరారుణం, మన కంటికి ఆనదు. నక్షత్రంగా మండాలంటే ఇప్పుడున్న బరువుకి దాదాపు 80 రెట్లు ఉండాలి.

గురుడికి కనిపించే సొంత వెలుగు లేదనడానికి రుజువు చిన్న టెలిస్కోపులోనే దొరుకుతుంది, నాకు అన్నిటికంటే ఇష్టమైనది కూడా ఇదే. గురుడి పక్కన నాలుగు ఉపగ్రహాలు చుక్కల్లా వరసగా ఉంటాయి. కొన్ని రాత్రులు వాటిలో అయో అనేది గురుడికి ఇంకా ఎడంగా ఉండగానే, ఏదీ అడ్డు రాకుండానే, నాలుగైదు నిమిషాల్లో మసకబారి మాయమైపోతుంది. గురుడి నీడలోకి వెళ్లిందన్నమాట. గురుడికే సొంత వెలుగుంటే, అంత దగ్గరున్న అయో మీద అది పడి కనిపిస్తూనే ఉండాలి. కనిపించదు. "ఏదండీ, ఇప్పుడే ఉంది కదా!" అని పిల్లలు టెలిస్కోపుని అనుమానంగా చూస్తారు.

అపోహ: ఎర్రగా ఉంటే మండుతున్నట్టే.

వాస్తవం: అంగారకుడూ జ్యేష్ఠా నక్షత్రమూ ఒకదాని పక్కన ఒకటి ఉన్నప్పుడు రంగులో తేడా చెప్పడం కష్టం. అంగారకుడి ఎరుపు తుప్పు, అంటే ఇనుము కలిసిన ధూళి మీద పడి తిరిగొచ్చిన ఎండ. జ్యేష్ఠ ఎరుపు దాని సొంతం. పైగా ఎక్కువ వేడికి వచ్చినది కూడా కాదు. సూర్యుడి ఉపరితలం సుమారు 5,500 డిగ్రీల సెల్సియస్ అయితే, జ్యేష్ఠది ఇంకా తక్కువ.

చంద్రుడి తెలుపు కూడా మోసమే. మీద పడిన వెలుగులో సగటున 12 శాతం మాత్రమే తిప్పికొడతాడు, పాత తారురోడ్డుకి అటూ ఇటూగా. నల్లటి ఆకాశం వల్ల తెల్లగా అనిపిస్తాడు.

అపోహ: ఏదైనా అయితే సొంత వెలుగు, లేకపోతే ఎరువు వెలుగు.

వాస్తవం: రెండూ ఉన్నవి బోలెడు. రొయ్యల చెరువుల లైట్లు మరీ దగ్గర్లో లేకపోతే, చలికాలంలో కొబ్బరాకుల పైన పిల్లలకోడి చక్కగా కనిపిస్తుంది. పంచాంగంలో కృత్తిక అదే. ఆ చుక్కలు సొంతంగా వెలుగుతాయి. ఫొటోల్లో వాటి చుట్టూ కనిపించే నీలి పొగ మాత్రం ధూళి, ఆ చుక్కల వెలుగునే తిప్పికొడుతుంది. తోకచుక్కకి తరచూ రెండు తోకలుంటాయి. ధూళి తోక ఎండని తిప్పికొడుతుంది, వాయువు తోక ఎండ తగిలి తానే నీలంగా వెలుగుతుంది.

అపోహ: అంత దూరం నుంచి ఇదంతా ఊహే.

వాస్తవం: వెలుగుని రంగులుగా విడగొడితే దాని పుట్టుక బయటపడుతుంది. సూర్యకాంతిలో సన్నటి నల్ల గీతలుంటాయి. 19వ శతాబ్దం తొలినాళ్లలో జర్మన్ శాస్త్రవేత్త ఫ్రౌన్‌హోఫర్ శుక్రుడి వెలుగులోనూ ఆ గీతలనే చూశాడు. అది సూర్యుడి సొమ్మేనన్నమాట. వేడెక్కి తానే వెలిగే పల్చటి వాయువుకైతే కాంతివంతమైన గీతలొస్తాయి. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణానికి ఫ్రాన్స్ నుంచి జాన్సెన్ అనే ఖగోళ శాస్త్రవేత్త మన గుంటూరు వచ్చాడు. సూర్యుడి అంచున ఎర్రటి జ్వాలల్లో అలాంటి గీతలు చూసి, అవి వెలుగుతున్న వాయువులేనని తేల్చాడు. మర్నాడు గ్రహణం లేకుండానే, పట్టపగలు, అవే గీతలు మళ్లీ పట్టుకున్నాడు.