తుపాకి తన్నుడు, భుజం కీళ్ల నొప్పి: అపోహలు - వాస్తవాలు

ఇరవై ఏళ్లుగా సికింద్రాబాదులో ఫిజియోథెరపిస్టుగా పని చేస్తున్న నా దగ్గరకు మాజీ సైనికులు, పోలీసు సిబ్బంది, క్లే షూటింగ్ (గాల్లోకి విసిరిన మట్టి బిళ్లలను షాట్‌గన్‌తో కొట్టే ఆట) ఆడే క్రీడాకారులు తరచుగా వస్తుంటారు. కుర్చీలో కూర్చుంటూనే వాళ్లలో చాలామంది చెప్పే మాట ఒకటే: "తుపాకి తన్ని తన్ని భుజం అరిగిపోయింది సార్." అందులో కొంత నిజం లేకపోలేదు. అయితే ఆ తన్ను, అంటే పేల్చగానే తుపాకి వెనక్కి వచ్చి భుజాన్ని కొట్టే దెబ్బ, ఎంత బలమైనదన్న దానికంటే, అది భుజంలో సరిగ్గా ఎక్కడ పడింది, రోజుకు ఎన్నిసార్లు పడింది, పడే నాటికి ఆ భుజం ఏ స్థితిలో ఉంది అన్నవే నొప్పిని నిర్ణయిస్తాయని నా అనుభవంలో తేలింది.

అపోహ: పెద్ద తూటా పేల్చే రైఫిలే కీలును పాడు చేస్తుంది, మిగతా వాటితో భయం లేదు.

వాస్తవం: ముందు లెక్క చూద్దాం. 7.62 మిల్లీమీటర్ల తూటాలో గుండు బరువు సుమారు 9.5 గ్రాములు, అది గొట్టం దాటే వేగం సెకనుకు సుమారు 840 మీటర్లు. గుండుతో పాటు మందు మండి పుట్టిన వాయువు కూడా ముందుకు దూసుకుపోతుంది కనుక, ఆ రెండింటికీ కలిపి ఎంత ఊపు ఉంటుందో అంతే ఊపుతో తుపాకి వెనక్కి వస్తుంది. దాదాపు 4.4 కిలోల పాత ఎస్.ఎల్.ఆర్. (మన సైన్యం ఒకప్పుడు వాడిన రైఫిల్) ఇలా భుజానికి చేర్చే శక్తి సుమారు 15 జౌళ్లు (జౌలు అంటే శక్తిని కొలిచే ప్రమాణం). అదే తూటాను 3.4 కిలోల రైఫిల్లో పేలిస్తే అది 20 జౌళ్ల దగ్గరకు పోతుంది. మోయడానికి హాయిగా ఉండే తేలికైన తుపాకి పేల్చేటప్పుడు ఆ హాయిని వడ్డీతో సహా వసూలు చేసుకుంటుందన్న మాట. 5.56 మిల్లీమీటర్ల తూటా పేల్చే మన దేశపు రైఫిల్ ఇన్సాస్ తన్ను 4 జౌళ్ల చుట్టుపక్కల ఆగిపోతుంది. అమెరికాలో స్థిరపడిన మనవాళ్లు కొందరు సరదాగా కొంటున్న .300 విన్చెస్టర్ మాగ్నమ్ అనే పెద్ద తూటా రైఫిల్ మాత్రం 35 జౌళ్ల దాకా వెళ్తుంది.

ఇక్కడ చాలామంది పట్టించుకోనిది 12 బోరు షాట్‌గన్. 24 గ్రాముల గుళ్లున్న పోటీ తూటా తన్ను 17 నుంచి 20 జౌళ్ల మధ్య ఉంటుంది, అంటే ఎస్.ఎల్.ఆర్. కంటే ఎక్కువే. క్లే షూటింగ్‌లో ఒక రకమైన ట్రాప్ పోటీ అర్హత దశలో 125 లక్ష్యాలు ఎగురుతాయి, ఒక్కొక్కదానికి రెండేసి తూటాలు పేల్చే వీలుంటుంది, సాధన రోజుల్లో ఆ సంఖ్య ఇంకా పెరుగుతుంది. అమెరికా సైన్యం ఆయుధాలను పరీక్షించేటప్పుడు పాటించే పరిమితులను ఈ సందర్భంలో గుర్తు పెట్టుకోవడం మంచిది: సుమారు 20 జౌళ్ల లోపు తుపాకికి రోజువారీ పరిమితి లేదు, 20 నుంచి 40 వరకు మనిషికి రోజుకు 200 తూటాలు, 40 నుంచి 60 వరకు 100, 60 నుంచి 80 వరకు 25 మాత్రమే, ఆపైన భుజానికి ఆనించి పేల్చడమే కుదరదు. బలం పెరిగిన కొద్దీ సంఖ్య తగ్గాలన్నదే అందులోని సూత్రం.

రోజుకు ఎన్ని తూటాలన్న ఈ సంఖ్యను అడగకపోవడం వల్ల నేనే ఒకసారి పొరబడ్డాను. ట్రాప్ ఆడే ఒక యువకుడు భుజం ముందు భాగంలో నొప్పితో వస్తే, ఎక్స్‌రే బాగానే ఉందన్న ధైర్యంతో కండర నొప్పిగా భావించి మూడు వారాలు అల్ట్రాసౌండ్ వేడి పెట్టాను. తగ్గలేదు. రెక్క ఎముక నుంచి కాకిముక్కులా ముందుకు వంగి వచ్చే కోరకాయిడ్ అనే కొన మీద వేలు నొక్కగానే అతను కుర్చీలోంచి లేచినంత పని చేశాడు. ఆర్థోపెడిక్ మిత్రుడొకరు సి.టి. తీయిస్తే ఆ కొన మొదట్లో వెంట్రుకవాసి పగులు కనిపించింది. ట్రాప్ షూటర్లలో ఈ రకం పగులు వైద్య గ్రంథాలకు తెలిసినదే, సాధారణ ఎక్స్‌రేలో తేలిగ్గా తప్పించుకోగలదు కూడా. చికిత్స విశ్రాంతే. అతనికి రెండు నెలలు తుపాకి ముట్టవద్దని చెప్పడం పగులును పట్టుకోవడం కంటే కష్టమైంది.

అపోహ: ఉద్యోగంలో .303 పేల్చినందువల్లే రిటైరయ్యాక చెయ్యి లేవడం లేదు.

వాస్తవం: .303 రైఫిల్ వెనక భాగంలో మెత్త లేకుండా గట్టి ఇత్తడి పలక ఉండేది, దాని దెబ్బ ఎవరూ మరచిపోలేరు. అందుకే ముప్పై ఏళ్ల తర్వాత భుజం పట్టేసినా నేరం దాని మీదకే పోతుంది. కానీ ఏడాదికి ఒకటి రెండు సార్లు ఫైరింగుకు వెళ్లి కొద్దిపాటి తూటాలు పేల్చిన మనిషికి, పదిహేనేళ్లుగా షుగరు ఉండి ఇప్పుడు చెయ్యి వెనక్కి పెట్టి చొక్కా సర్దుకోలేకపోతుంటే, నేను ముందు అనుమానించేది ఫ్రోజెన్ షోల్డర్‌నే, అంటే కీలు చుట్టూ ఉన్న సంచి బిగిసి భుజం పట్టేయడాన్నే. మధుమేహం ఉన్నవారిలో అది మిగతావారికంటే ఎక్కువగా వస్తుంది.

తేడా తెలుసుకోవడానికి పెద్ద యంత్రాలు అక్కరలేదు. మోచేతిని నడుముకు ఆనించి, తొంభై డిగ్రీలకు మడిచి, ముంజేతిని బయటి వైపు తిప్పమంటాను. తనంతట తాను తిప్పలేకపోయినా నేను తిప్పితే తిరిగితే కండర స్నాయువు తెగిందేమో చూడాలి. నేను తిప్పినా తిరగకపోతే కీలు చుట్టూ ఉన్న సంచి బిగిసిందని అర్థం, అయితే కీలు అరుగుదలలోనూ ఇలాగే బిగుస్తుంది కనుక ఒక ఎక్స్‌రే చూసుకుంటాను. చేతిని ఛాతీ మీదుగా అవతలి భుజం వైపు లాగినప్పుడు కాలర్ బోన్ చివర సరిగ్గా వేలు పెట్టినంత చోట నొప్పి పుడితే, అది ఆ ఎముక రెక్క ఎముకతో కలిసే చిన్న కీలుది. అయితే ఆ చిన్న కీలులో అరుగుదల నలభై దాటినవారిలో ఎన్నడూ తుపాకి పట్టనివారికి కూడా స్కానింగుల్లో కనిపిస్తూనే ఉంటుంది కనుక, రిపోర్టులో అరిగిందని రాసినంత మాత్రాన తుపాకిని దోషిగా నిలబెట్టడం న్యాయం కాదు.

అపోహ: రబ్బరు ప్యాడ్ వేసుకుంటే తన్ను పోతుంది.

వాస్తవం: పోదు, పరచుకుంటుంది. ప్యాడ్ తుపాకి ఊపును తగ్గించలేదు. ఆ ఊపు ఆగడానికి పట్టే కాలాన్ని పెంచి, ఎక్కువ చోటు మీద పంచుతుంది. ఆగే కాలం రెట్టింపైతే సగటు బలం సగమవుతుంది కనుక ఆ మేలు చిన్నదేమీ కాదు. కానీ బాగా మందమైన ప్యాడ్ బట్ (తుపాకిలో భుజానికి ఆనించే వెనక భాగం) పొడవును పెంచుతుంది, పొట్టిగా ఉన్నవారిలో బట్ లోపలికి సర్దుకోక జబ్బ వైపు జారిపోతుంది, అక్కడ దెబ్బ కండర మూలాన్ని కుళ్లబొడుస్తుంది. గొట్టం చివర బిగించి వాయువును పక్కలకు మళ్లించే మజిల్ బ్రేక్ తన్నును నిజంగానే తగ్గిస్తుంది, కాకపోతే ఆ శబ్దాన్ని పక్కనున్నవాడి చెవులకు బదిలీ చేస్తుంది.

అపోహ: తుపాకిని వదులుగా పట్టుకుంటే దెబ్బ తగలదు.

వాస్తవం: ఇంతకంటే హాని చేసే సలహా నేను వినలేదు. బట్‌కూ భుజానికీ మధ్య వేలెడు సందున్నా, తుపాకి ఆ దూరంలో పూర్తి వేగం అందుకుని సుత్తిలా కొడుతుంది. గట్టిగా ఆనించినప్పుడు తుపాకితో పాటు ఒళ్లు కూడా కదిలి ఆ ఊపును పంచుకుంటుంది. నిలబడి పేల్చేవాడు నడుము దగ్గర వెనక్కి ఊగగలడు. పడుకుని పేల్చేవాడికి ఆ వెసులుబాటు లేదు, అందుకే అదే రైఫిలు ప్రోన్‌లో ఎక్కువ బాధిస్తుంది.

బట్ పడాల్సిన చోటు కాలర్ బోన్ కిందుగా, భుజం బంతికి లోపలి వైపున, చెయ్యి కొద్దిగా పైకెత్తితే ఏర్పడే కండర గుంట. మా క్లినిక్‌లో వడ్రంగి చేత కోయించిన బట్ ఆకారపు టేకు చెక్క ఒకటుంది. దాని చివర చాక్‌పొడి పూసి, కళ్లు మూసుకుని భుజానికి ఎత్తుకోమంటాను. మొన్న ఒక మహిళా కానిస్టేబుల్ పదిసార్లు ఎత్తితే ఆమె ఖాకీ చొక్కా మీద ఏడు తెల్ల గుర్తులు కాలర్ బోన్ కొస మీదే పడ్డాయి. తలను తుపాకి దగ్గరకు వంచడం మానేసి తుపాకినే చెంప దగ్గరకు తెచ్చుకోవడం నేర్చుకున్నాక ఆ గుర్తులు రెండు వేళ్లు లోపలికి జరిగాయి, మెడ నొప్పి కూడా అడగకుండానే తగ్గింది.

అపోహ: భుజం కమిలితేనే ట్రైనింగ్ అయినట్టు, నొప్పి మాత్ర వేసుకుని వెళ్లిపోవాలి.

వాస్తవం: మొదటి ఒకటి రెండు రోజుల్లో కమిలిన చోట గుడ్డలో చుట్టిన ఐసు పావుగంట చొప్పున పెడితే చాలు. మాత్ర వేసుకుని మళ్లీ ఫైరింగుకు వెళ్తే, బట్ తప్పు చోట పడుతోందని హెచ్చరించే ఒకే ఒక్క సాక్షి నోరు మూసినట్టే. పైగా నొప్పి భయంతో ట్రిగ్గర్ నొక్కే ముందే భుజం వెనక్కి జరగడం అలవాటవుతుంది, సందు ఏర్పడుతుంది, దెబ్బ ఇంకా గట్టిగా తగులుతుంది. వేళ్లలో తిమ్మిరి, చెయ్యెత్తలేని నీరసం, గోడను నెట్టినప్పుడు రెక్క ఎముక వీపు నుంచి పైకి లేవడం కనిపిస్తే నరం దెబ్బ తిని ఉండవచ్చు. అది అరుదు, కానీ మర్దనతో కాలయాపన చేయకుండా అదే వారంలో డాక్టరు చూడాలి.

నొప్పి తగ్గినవారిని నేను నేరుగా పెద్ద రైఫిలుకు పంపను. మొదటి వారం చెక్కతో రోజుకు యాభై సార్లు ఎత్తడమే. ఆ తర్వాత తన్ను అర జౌలుకు మించని .22 రైఫిలు. అక్కడ చాక్ గుర్తులు వరుసగా గుంటలోనే పడుతున్నాయని చూశాక, పెద్దది ఇరవై తూటాలతో మొదలు, మర్నాడు విశ్రాంతి.